ప్రోగ్రామింగ్ పాఠానికి యానిమేషన్: ఒక అపోహ నుంచి పూర్తయిన వీడియో దాకా

కోడ్ తెర మీద కదలకుండా ఉంటుంది. అది నడిచేటప్పుడు జరిగేదేదీ కంటికి కనిపించదు. వేరియబుల్‌లో విలువ మారుతుంది, ఫంక్షన్‌లోకి వెళ్లిన కంట్రోల్ తిరిగొస్తుంది, లిస్టులో రెండు అంకెలు చోట్లు మార్చుకుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇదంతా మనసులోనే ఊహించుకోవాలి. ఆ ఊహ ఒకచోట తప్పిందంటే ఆ తర్వాత రాసే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ అదే తప్పు తొంగిచూస్తుంది. ఆ కనిపించని మార్పును కంటి ముందు పెట్టడానికే యానిమేషన్. కోడ్ పక్కన అందమైన బొమ్మలు కదిలించినంత మాత్రాన ఆ పని జరగదు.

1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బేకర్ తొమ్మిది సార్టింగ్ (అంకెలను వరుసలో సర్దే) పద్ధతులను చూపే 30 నిమిషాల యానిమేషన్ చిత్రం తీశారు. ఆ తర్వాత ఇలాంటి ప్రయత్నాలు చాలానే వచ్చాయి. వాటి మీద జరిగిన 24 ప్రయోగాలను పరిశోధకులు హండ్‌హౌజెన్, డగ్లస్, స్టాస్కో 2002లో ఒకచోట పెట్టి పరిశీలించారు. తెర మీద ఏం చూపించారన్నదానికంటే, చూసేవాళ్ల చేత ఏం చేయించారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తోందని వాళ్లు తేల్చారు. ఈ మార్గదర్శికి అదే పునాది. బొమ్మలు గీయడానికి ఎంత శ్రద్ధ పెడతామో, వీడియో ఎక్కడ ఆపాలి, అక్కడ ఏమడగాలి అన్నదానికీ అంత శ్రద్ధ పెట్టాలి.

1. అంశాన్ని కాదు, అపోహను ఎంచుకోండి

"లూపుల మీద ఒక వీడియో చేద్దాం" అని మొదలుపెడితే ఆ వీడియో పది నిమిషాలు సాగి ఏదీ గట్టిగా చెప్పదు. ఒక వీడియోకి ఒకే అపోహ చాలు. కొత్తవాళ్లలో తరచూ కనిపించేవి కొన్ని:

- బరాబర్ గుర్తు అంటే లెక్కల్లోలాగా రెండు వైపులూ ఎప్పటికీ సమానమని అనుకోవడం. "ఎ = బి" అని రాశాక బి మారితే ఎ కూడా దానంతటదే మారుతుందని నమ్మడం.
- వైల్ లూప్ (షరతు నిజమైనంతకాలం కొన్ని లైన్లను మళ్లీ మళ్లీ నడిపేది) షరతును కంప్యూటర్ అనుక్షణం కనిపెట్టుకుని ఉంటుందని, షరతు తప్పగానే లూప్ మధ్యలోనే బయటపడుతుందని అనుకోవడం.
- ప్రింట్ (విలువను తెర మీద చూపడం), రిటర్న్ (ఫంక్షన్ తన జవాబును పిలిచినచోటికి తిరిగివ్వడం) రెండూ ఒకటే అనుకోవడం.
- రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అంటే ఫంక్షన్ మళ్లీ మొదటి లైనుకు వెళ్లడమేనని, అంటే అదీ ఒక లూపేనని అనుకోవడం.

ఎంచుకున్న అపోహను ఒక వాక్యంగా కాగితం మీద రాసుకోండి. దాని కిందే ఆ అపోహ ఉన్నవాళ్లు ఏ జవాబు చెబుతారో, అసలు జవాబు ఏమిటో రాయండి. ఈ రెండు జవాబులూ వేరుగా వచ్చే చిన్న కోడ్ దొరకాలి. దొరకలేదంటే ఆ అంశానికి యానిమేషన్ అక్కర్లేదు. సింటాక్స్ నియమాలు, లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయడం, ఫైళ్ల పేర్లు లాంటివాటిని కదిలించి చూపినందువల్ల లాభం లేదు. ఒక స్క్రీన్‌షాట్ సరిపోతుంది.

వైల్ లూప్ అపోహను బయటపెట్టే కోడ్ ఇదిగో. చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాం:

ఎన్ = 4
వైల్ ఎన్ < 5:
    ఎన్ = ఎన్ + 3
    ప్రింట్(ఎన్)

అపోహ ఉన్నవాళ్లు "ఏమీ ప్రింట్ కాదు" అంటారు. మూడో లైనులో ఎన్ విలువ 7 అయింది కాబట్టి అక్కడికక్కడే లూప్ ఆగిపోయిందని వాళ్ల లెక్క. నిజానికి 7 ప్రింట్ అవుతుంది. నాలుగు లైన్లు, ఒక వేరియబుల్, రెండు వేర్వేరు జవాబులు. మంచి యానిమేషన్‌కు ఇంతకంటే పెద్ద కోడ్ అరుదుగా కావాలి.

2. ముందు ట్రేస్ పట్టిక

బొమ్మల జోలికి వెళ్లకముందే కోడ్‌ను చేత్తో నడిపించండి. ఒక్కో అడుగుకు ఒక్కో వరుస. ఏ లైన్ నడుస్తోంది, ఏ విలువ మారింది, ఏం ప్రింట్ అయింది అన్నవి రాయాలి. పై కోడ్‌కు ఐదు వరుసలు వస్తాయి:

1) లైన్ 1: ఎన్ 4 అయింది.
2) లైన్ 2: 4 < 5, నిజం.
3) లైన్ 3: ఎన్ 7 అయింది.
4) లైన్ 4: అవుట్‌పుట్ 7.
5) లైన్ 2: 7 < 5, అబద్ధం. లూప్ అయిపోయింది.

ఈ ఐదు వరుసలే ఐదు దృశ్యాలు. మూడో వరుసలో షరతు ప్రస్తావన లేదు, గమనించండి. వీడియోలో అందరూ చూడాల్సింది అదే. ఎన్ 7 అయిన క్షణంలో షరతు ఉన్న లైన్ మసకగా, చలనం లేకుండా ఉండాలి. కంట్రోల్ తిరిగి అక్కడికి చేరాకే అది వెలగాలి. అపోహను సరిదిద్దేది ఆ ఒక్క సెకను. మిగిలిన వీడియో అంతా దాన్ని చూసేలా చేయడానికే.

పట్టిక పూర్తయ్యాక కోడ్‌ను నిజంగా నడిపి సరిచూసుకోండి. ఫిలిప్ గువో తయారుచేసిన పైథాన్ ట్యూటర్ వెబ్‌సైట్‌లో అదే కోడ్ పెడితే అడుగడుగునా ఏ వేరియబుల్‌లో ఏముందో కనిపిస్తుంది. మీ పట్టికకూ దానికీ ఒక్క వరుసలో తేడా వచ్చినా అక్కడే ఆగి సరిచేయండి. వీడియో పూర్తయ్యాక తప్పు కనబడితే మొత్తం మళ్లీ రెండర్ చేయాల్సి (వీడియో ఫైలుగా తయారుచేయాల్సి) వస్తుంది.

3. పోలిక ఎక్కడ విరుగుతుందో ముందే తెలుసుకోండి

వేరియబుల్‌ను డబ్బాగా చూపించడం అందరికీ తెలిసిన పద్ధతే. డబ్బా మీద పేరు ఉంటుంది, లోపల విలువ ఉంటుంది, కొత్తది పెడితే పాతది పోతుంది. అంకెల దాకా ఇబ్బంది లేదు. లిస్టుల దగ్గరకు వచ్చేసరికి ఇదే డబ్బా విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు కాబట్టి ఈ కోడ్ చూడండి (అపెండ్, ప్రింట్ మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి):

మార్కులు = [10, 20]
నకలు = మార్కులు
నకలు.అపెండ్(30)
ప్రింట్(మార్కులు)

డబ్బా బొమ్మతో చూపిస్తే రెండో లైన్ దగ్గర మొదటి డబ్బాలోని లిస్టు రెండో డబ్బాలోకి కాపీ అవుతుంది. 30 చేరేది రెండో డబ్బాలోనే. కాబట్టి మార్కులు [10, 20] గానే మిగలాలి. కానీ పైథాన్ [10, 20, 30] ప్రింట్ చేస్తుంది. ఇక్కడ విద్యార్థి తప్పేమీ లేదు, తప్పు బొమ్మది.

పైథాన్‌కు సరిపోయే బొమ్మలో పేర్లు ఒకవైపు, వస్తువులు మరోవైపు ఉండాలి, మధ్యలో బాణాలు ఉండాలి. దృశ్యాలు ఇలా నడుస్తాయి:

మొదటి లైన్‌లో ముందుగా కుడివైపు లిస్టు పుడుతుంది. ఆ తర్వాతే ఎడమవైపు "మార్కులు" పేరు వస్తుంది, దాని నుంచి లిస్టుకు బాణం సాగుతుంది. ఈ వరుస మార్చకండి. బరాబర్ గుర్తుకు కుడివైపున్నది ముందు జరుగుతుందన్న సంగతి ఇక్కడే, ఒక్క మాట చెప్పకుండా అర్థమవుతుంది.

రెండో లైన్‌లో "నకలు" పేరు వస్తుంది. "మార్కులు" బాణం చివరిదాకా ఒక చుక్క ప్రయాణించి లిస్టును చేరుతుంది. ఆ తర్వాత "నకలు" నుంచి అదే లిస్టుకు రెండో బాణం వస్తుంది. కొత్త లిస్టు పుట్టదు. ఇక్కడ తెరను కదలకుండా రెండు సెకన్లు ఉంచండి.

మూడో లైన్‌లో "నకలు" బాణం వెలుగుతుంది. దాని చివరున్న లిస్టులో 30 గడి పెరుగుతుంది.

నాలుగో లైన్‌లో "మార్కులు" బాణం వెలుగుతుంది. చివరికి వెళ్లి చూస్తే మూడు గడులు కనిపిస్తాయి.

దీనికి జంటగా ఇంకో చిన్న దృశ్యం పెట్టాలి. మూడో లైన్ స్థానంలో "నకలు = నకలు + [30]" అని రాస్తే కొత్త లిస్టు పుడుతుంది, "నకలు" బాణం పాత లిస్టును వదిలి దాని మీదకు మళ్లుతుంది, మార్కులు చెక్కుచెదరదు. రెండు వీడియోలూ మొదటి రెండు లైన్లలో అచ్చం ఒకేలా ఉండి మూడో లైనులో వేరుపడితే తేడా మనసులో నిలిచిపోతుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. "నకలు += [30]" అని కుదించి రాస్తే అది ప్లస్ లాగా కాదు, అపెండ్ లాగా ఉన్న లిస్టునే మారుస్తుంది. రెండూ ఒకటే అనుకుని యానిమేట్ చేస్తే వీడియో అబద్ధం చెబుతుంది.

సి భాషలో పూర్ణాంకాల వేరియబుల్స్ మొదలుపెడుతున్నప్పుడు డబ్బా సరైన బొమ్మే. బొమ్మను ఎంచుకునేటప్పుడు భాషను చూడాలి. ఏ భాషకు చేస్తున్నారో వీడియో మొదటి ఫ్రేములోనే రాయండి.

4. కార్టూన్ పాత్రకు ఎంత తెలివి ఉండాలి

పిల్లలకు చేసే వీడియోలో కళ్లు, నోరు ఉన్న రోబో కావాలనిపించడం సహజం. కానీ జాగ్రత్త. కంప్యూటర్ లోపల మన ఉద్దేశాన్ని అర్థం చేసుకునే మనసేదో ఉందని కొత్తవాళ్లు నమ్ముతారని పరిశోధకుడు రాయ్ పీ 1986లో రాశారు. ఆ అపోహకు ఆయన పెట్టిన పేరు సూపర్‌బగ్. తలూపుతూ "ఓహో, నీకు కావాల్సింది ఇదా!" అనే రోబోను చూపిస్తే ఆ అపోహకు మనమే నీళ్లు పోసినట్లు.

పాత్ర వద్దని కాదు, పాత్రకు నియమాలు ఉండాలి. ఒకసారికి ఒక లైన్ మాత్రమే దాని కళ్లకు కనబడాలి. ముందున్న లైన్లు చదవకూడదు, పోయిన లైన్లు గుర్తుంచుకోకూడదు, మెమరీ భాగంలో రాసి ఉన్నవే దానికి తెలియాలి. పేరు తప్పుగా రాస్తే సరిదిద్దకూడదు, అక్కడే నిలబడిపోవాలి. ఈ నియమాలను స్క్రిప్టు మొదటి పేజీలో రాసుకుని ప్రతి దృశ్యానికీ సరిచూడండి. నియమం తప్పిన ఒక్క నవ్వు, ఒక్క సైగ ఉన్నా తీసేయండి.

ప్రశ్నలు అడగడానికి, తప్పు అంచనా వేయడానికి రెండో పాత్రను వాడుకోవచ్చు. అది మనిషే కావాలి. అపోహను ఆ మనిషి నోట పలికించి, కోడ్ చేత జవాబు చెప్పించండి.

5. స్టోరీబోర్డు

ఒక ఎ4 కాగితాన్ని ఎనిమిది గడులుగా మడవండి. ట్రేస్ పట్టికలోని ఒక్కో వరుసకు ఒక గడి, మొదట్లో ప్రశ్నకు ఒకటి, చివర ఫలితానికి ఒకటి. ఎనిమిదికి మించితే వీడియోను రెండుగా విడగొట్టాలి. పూర్తయ్యాక నిడివి ఒకటిన్నర నుంచి మూడు నిమిషాల మధ్య ఉంటే చాలు.

తెరను మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతిలో విభజించండి. ఎడమవైపు 40 శాతం కోడ్‌కు, మిగిలినది మెమరీ బొమ్మకు, కింద ఎత్తులో 15 శాతం అవుట్‌పుట్ పట్టీకి. నడుస్తున్న లైన్‌కూ, మారుతున్న బొమ్మకూ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. దూరం పెరిగితే కన్ను అటూ ఇటూ తిరగడంలోనే అలసిపోతుంది, అసలు మార్పు జారిపోతుంది.

కోడ్ ఎనిమిది లైన్లు మించకూడదు. 1920 × 1080 ఫ్రేములో అక్షరాల ఎత్తు 48 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే వీడియో ఎత్తు నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది, అప్పుడు 48 పిక్సెళ్ల అక్షరం రెండు మిల్లీమీటర్ల లోపే. కంప్యూటర్ తెర మీద పెద్దగా కనబడుతోందని మోసపోకండి. ఒక ఫ్రేమును ఫోన్‌కు పంపి చేతిదూరంలో పెట్టి చదవండి.

6. రంగు, కదలిక, సమయం

రంగులు నాలుగు దాటకూడదు, ప్రతి రంగుకూ ఒకే అర్థం ఉండాలి. ఉదాహరణకు ఇప్పుడు నడుస్తున్నదానికి పసుపు, పోల్చుతున్నవాటికి నీలం, ఖాయమైపోయినవాటికి ముదురు బూడిద, మిగిలినదంతా తెలుపు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేనివాళ్లు చూసేవాళ్లలో ఉండొచ్చు. అందుకే "నిజం, అబద్ధం" చూపడానికి ఆ రెండు రంగుల మీదే ఆధారపడకుండా టిక్కు, ఇంటూ గుర్తులు కూడా పెట్టండి. అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని, సెకనుకు మూడు కంటే ఎక్కువసార్లు ఏదీ మెరవకూడదని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. ఎర్రర్ వచ్చిందని తెర మొత్తం టపటపా మెరిపించే అలవాటుంటే మానుకోవాలి.

కదలికకు ఒకటే నియమం: ప్రోగ్రామ్‌లో ఏదైనా మారితేనే తెర మీద ఏదైనా కదలాలి. నేపథ్యంలో తేలే మబ్బులు, ఊగే అక్షరాలు, పాత్ర ఊరికే కళ్లార్పడం అన్నీ మార్పు జరిగిందన్న తప్పుడు సంకేతాలే. పాఠానికి సంబంధం లేని ఆకర్షణలు తీసేస్తే నేర్చుకోవడం మెరుగవుతుందని రిచర్డ్ మేయర్ పరిశోధనలు కూడా చూపించాయి.

సమయానికి ఈ అంకెలతో మొదలుపెట్టండి. లైన్ వెలగడానికి 0.4 సెకను. వెలిగాక, మార్పుకు ముందు 1.2 సెకన్ల నిశ్చలం. విలువ కదలడానికి 0.7 సెకను. కదిలాక 0.5 సెకను ఆగడం. 0.2 సెకనులో ముగిసే కదలికలో వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో కన్ను పట్టుకోలేదు, అది మాయమై వేరేచోట ప్రత్యక్షమైనట్లు ఉంటుంది. రెండు సెకన్లు దాటిన కదలిక విసుగు పుట్టిస్తుంది. కదలిక మొదట్లో, చివర్లో నెమ్మదించాలి. ఒకే క్షణంలో రెండు మార్పులు చూపించకండి. ప్రోగ్రామ్‌లో అవి ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నప్పుడు బొమ్మలోనూ అలాగే జరగాలి.

లూప్ మొదటి ఆవృత్తి పూర్తి నిదానంగా, రెండోది కాస్త వేగంగా, మిగిలినవి సగం సమయంలో నడవాలి. అన్నీ ఒకే వేగంతో నడిస్తే మూడో ఆవృత్తికి శ్రద్ధ పోతుంది.

7. మాట

వ్యాఖ్యానాన్ని ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మను కదిలించండి. బొమ్మ పూర్తిచేసి దానికి మాట సర్దబోతే పరుగెత్తుతూ చెప్పాల్సి వస్తుంది. మాట, కదలిక ఒకేసారి రావాలి. "ఇప్పుడు ఎన్ విలువ ఏడైంది" అన్నప్పుడు "ఏడు" అన్న క్షణానికే 7 తెర మీద పడాలి. మాట్లాడే వాక్యాలనే తెర మీద అక్షరాలుగా కూడా పెట్టకండి. కన్ను వాటిని చదువుతూ బొమ్మను వదిలేస్తుంది. వినలేనివాళ్ల కోసం క్యాప్షన్లు తప్పనిసరి, అయితే అవసరమైనవాళ్లు వేసుకునేలా విడి ఫైలుగా ఇవ్వండి.

8. పరికరం ఎంచుకోవడం

నేర్చుకునేవాళ్లే కదిలించి చూడాలంటే స్క్రాచ్ మంచిది. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ సాధనంలో వేరియబుల్స్ విలువలు వేదిక మీదే కనిపిస్తాయి. అయితే స్క్రాచ్ లిస్టుల్లో లెక్క 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌లో 0 నుంచి. తర్వాత పైథాన్‌కు వెళ్లేవాళ్లకు ఆ తేడా ముందే చెప్పకపోతే తికమక తప్పదు.

కోడ్ రాయకుండా చేయాలంటే పవర్‌పాయింట్‌లోని మార్ఫ్ ట్రాన్సిషన్ చాలు. 2019 సంచికలోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది. మొదటి స్లైడు గీసి, దాన్ని డూప్లికేట్ చేసి, రెండో స్లైడులో వస్తువులను కొత్త చోట్లకు జరిపి మార్ఫ్ పెడితే మధ్య కదలిక అదే వస్తుంది. ఒకేలా ఉన్న ఐదు గడులుంటే ఏది ఎక్కడికి పోవాలో పవర్‌పాయింట్ పొరబడుతుంది. సెలెక్షన్ పేన్ తెరిచి, రెండు స్లైడుల్లోనూ ఒకే గడికి రెండు ఆశ్చర్యార్థకాలతో మొదలయ్యే ఒకే పేరు, అంటే "!!గడి1" లాంటిది పెడితే అవే జతపడతాయి. పూర్తయ్యాక ఎక్స్‌పోర్ట్‌లో వీడియోగా మార్చుకోవచ్చు.

చేత్తో గీసిన కార్టూన్ కావాలంటే క్రిటా, ఓపెన్‌టూన్జ్, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ ఉచితంగా దొరుకుతాయి. 24 ఫ్రేముల వేగంలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు గీస్తే సరిపోతుంది. కోడ్ వివరణకు అంతకంటే నునుపు అక్కర్లేదు.

అంకెలు, బాణాలు, గడులు కచ్చితంగా కదలాలంటే గ్రాంట్ శాండర్సన్ మొదలుపెట్టిన, పైథాన్ కోడ్ రాసి యానిమేషన్ చేసే మానిమ్‌కు మించింది లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కమ్యూనిటీ ఎడిషన్ తీసుకోండి. పైథాన్ వచ్చి ఉండాలి.

9. తెలుగు అక్షరాల దగ్గర వచ్చే చిక్కులు

వత్తులు పక్కకు పడిపోవడం, గుణింతాలు విడిపోవడం తరచూ ఎదురయ్యే సమస్య. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ప్రీమియర్ ప్రోల్లో అయితే ప్రిఫరెన్సుల్లో టెక్స్ట్ ఇంజన్ ఎంపిక ఉంటే ఆ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాలి. మానిమ్‌లో టెక్స్ట్ క్లాస్ తెలుగును సరిగా కూర్చుతుంది. ఫాంట్ పేరు మాత్రం స్పష్టంగా ఇవ్వాలి, నోటో సాన్స్ తెలుగు బాగా పనిచేస్తుంది. లాటెక్ (అక్షరాలు, సమీకరణాలు కూర్చే సాధనం) మీద నడిచే టెక్స్ క్లాస్‌లో మామూలు అమరికతో తెలుగు రాదు.

అక్షరాలు ఒక్కొక్కటిగా టైపవుతున్నట్లు చూపే ఎఫెక్టులు తెలుగుకు పనికిరావు. "క్ష్మి" లాంటి చోట ముందు ఒక ముక్క, తర్వాత వత్తు వేరుగా ప్రత్యక్షమవుతాయి. మానిమ్‌లో రైట్ (Write) అనే ఎఫెక్టు బదులు ఫేడ్‌ఇన్ వాడండి. వత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం 1.5 రెట్లు ఉంచాలి. కోడ్‌ను మాత్రం విద్యార్థి ఎడిటర్‌లో ఎలా కనిపిస్తుందో అలాగే, సమాన వెడల్పు ఫాంట్‌లో చూపించండి. వివరణ లేబుళ్లు తెలుగులో ఉండొచ్చు.

10. చేసి చూద్దాం: మానిమ్‌లో బబుల్ సార్ట్

బబుల్ సార్ట్ అంటే పక్కపక్కనున్న రెండేసి అంకెలను పోల్చి, పెద్దది ముందుంటే చోట్లు మారుస్తూ వరుసను సర్దడం. అంకెలు ఐదు చాలు: 4, 2, 5, 1, 3. ముందుగానే ఆగిపోయే ఏర్పాటు లేని బబుల్ సార్ట్‌లో 4 + 3 + 2 + 1, మొత్తం 10 పోలికలు, ఈ వరుసకు 6 మార్పిడులు వస్తాయి. ఎనిమిది అంకెలు పెడితే పోలికలు 28కి చేరతాయి, నాలుగో నిమిషంలో ఎవరూ చూడరు. ఇప్పటికే సర్దుకున్న వరుసను గానీ, పూర్తిగా తలకిందులుగా ఉన్న వరుసను గానీ మొదటి ఉదాహరణగా ఇవ్వకండి. మార్పిడి జరిగే పోలిక, జరగని పోలిక రెండూ మొదటి ఆవృత్తిలోనే కనబడాలి. మన వరుసలో 4, 2 మారతాయి. 4, 5 మారవు. 5, 1 మారతాయి, 5, 3 మారతాయి. ఆవృత్తి చివరికి 2, 4, 1, 3, 5 అవుతుంది.

విలువకు తగ్గ ఎత్తున్న కడ్డీలు గీసి, ఒక్కో కడ్డీని దాని అంకెతో కలిపి వీగ్రూప్ (ఒకటిగా కదిలే గుంపు) చేయండి. కడ్డీల అడుగులన్నీ ఒకే నేల గీత మీద ఉండాలి. చోట్లు మార్చడానికి మానిమ్‌లో స్వాప్ అనే రెడీమేడ్ యానిమేషన్ ఉంది, కానీ ఇక్కడ వాడకండి. అది ఒక కడ్డీ కేంద్రాన్ని రెండోదాని కేంద్రానికి చేరుస్తుంది. ఎత్తులు వేరు కాబట్టి పొడుగు కడ్డీ నేలలోకి దిగబడుతుంది, పొట్టి కడ్డీ గాల్లో తేలుతుంది. బదులుగా రెండు గ్రూపులకూ యానిమేట్ సెట్ఎక్స్‌తో అడ్డం స్థానం మాత్రమే మార్చండి, ప్లేకి రన్‌టైమ్ 0.7 ఇవ్వండి.

తెర మీద కడ్డీలు మారినంత మాత్రాన పైథాన్‌లో కడ్డీల లిస్టు మారదు. ప్రతి మార్పిడి తర్వాత ఆ లిస్టులోనూ రెండింటి స్థానాలు మార్చే లైన్ రాయాలి. అది మరిచిపోతే మొదటి మార్పిడి సరిగానే ఉంటుంది, రెండో పోలికలో మాత్రం 4, 5 వెలగాల్సిన చోట 2, 5 వెలుగుతాయి. ఇలా దూరదూరంగా ఉన్న కడ్డీలు వెలుగుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మ్ వాడితే పాత వస్తువే కొత్తదాని రూపం తొడుక్కుని తెర మీద మిగులుతుంది. మీరు కొత్తదాన్ని కదిలిస్తే పాతది అక్కడే ఉండిపోయి రెండు కనబడతాయి. ఇకపై కొత్తదానితోనే పని అనుకుంటే రీప్లేస్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మ్ వాడాలి.

చిత్తుప్రతిని తక్కువ నాణ్యతలో రెండర్ చేసుకోండి. మానిమ్‌లో అది 480 పిక్సెళ్ల ఎత్తు, 15 ఫ్రేములు. సమయాలన్నీ కుదిరాకే 1080కి వెళ్లండి.

11. రికర్షన్‌కు కొంచెం వేరే ఏర్పాటు

ఫ్యాక్టోరియల్(3), అంటే 3 × 2 × 1 తీసుకోండి, ఎన్ 1 అయితే 1 తిరిగిచ్చే రకం. ఒక్కో పిలుపుకు ఒక్కో ఫ్రేము (వీడియో ఫ్రేము కాదు, ఆ పిలుపు వివరాలుండే పెట్టె) కింది నుంచి పైకి పేరుస్తూ పోతే మూడు ఫ్రేములు వస్తాయి. ప్రతి ఫ్రేములో సొంత ఎన్ విలువ, సగంలో ఆగిన లెక్క రెండూ కనబడాలి. కింద "3 × ?", మధ్యలో "2 × ?", పైన 1. చాలా వీడియోలు ఆ ప్రశ్న గుర్తును చూపించవు. ఫంక్షన్ పని పూర్తికాలేదు, జవాబు కోసం ఎదురుచూస్తోంది అని చెప్పేది అదే.

తిరుగు ప్రయాణంలో పై ఫ్రేము 1 అన్న విలువను కిందికి వదిలి మాయమవుతుంది. ఆ 1 మధ్య ఫ్రేములోని ప్రశ్న గుర్తు చోట కూర్చుని 2 × 1 = 2 అవుతుంది. ఆ 2 కిందికి దిగి 3 × 2 = 6 అవుతుంది. దిగే విలువను అవుట్‌పుట్ పట్టీ వైపు పోనివ్వకండి. రిటర్న్‌ను ప్రింట్‌తో కలిపేసుకునే అపోహ అక్కడే పుడుతుంది. వెళ్లడానికి ఎంత సమయం ఇస్తే రావడానికీ అంతే ఇవ్వాలి, ఇంకొంచెం ఎక్కువైనా పరవాలేదు.

12. ఆపే చోట్లు

అంచనా చెప్పించకుండా చూపే యానిమేషన్ వల్ల "అర్థమైంది" అన్న భావన వస్తుంది, అర్థం మాత్రం కాకపోవచ్చు. అపోహ బయటపడే అడుగుకు సరిగ్గా ముందు వీడియో ఆపండి. వైల్ లూప్‌లో అయితే మూడో వరుస అయిపోయి, ఎన్ 7 అయ్యాక. "తర్వాత ఏ లైన్ వెలుగుతుంది?" అని అడగండి. "అర్థమైందా?" అన్న ప్రశ్న వద్దు. అవును, కాదు అని తేల్చే ప్రశ్న కూడా వద్దు. జవాబు ఒక లైన్ నంబరో, ఒక విలువో అయి ఉండాలి.

తెర మీద ఆగే సమయం కనీసం పది సెకన్లు ఇచ్చి, "ఇక్కడ ఆపి జవాబు రాసుకోండి" అని చెప్పండి. తరగతిలో అయితే అందరూ కాగితం మీద రాశాకే ప్లే నొక్కాలి. నోటితో చెప్పిస్తే ముందు చెప్పినవాళ్ల జవాబే అందరి జవాబు అయిపోతుంది. ఒక వీడియోకి రెండు మూడు ఆపుదలలు చాలు.

13. విడుదలకు ముందు పరీక్ష

ఆ అంశం ఇంకా రాని నలుగురైదుగురిని పిలవండి. వీడియో చూపించే ముందు అపోహ బయటపెట్టే కోడ్ ఇచ్చి జవాబు రాయించండి. చూపించాక అదే కోడ్ ఇవ్వకండి, అంకెలూ పేర్లూ మార్చిన ఇంకో కోడ్ ఇవ్వండి. వైల్ లూప్‌కు అయితే ఎన్ 10 నుంచి మొదలై తగ్గుతూ పోయేది ఇవ్వొచ్చు. అదే కోడ్ మళ్లీ ఇస్తే వాళ్లు వీడియోలోని జవాబు గుర్తుచేసుకుని రాస్తారు.

ఆ తర్వాత శబ్దం తీసేసి వీడియో నడిపిస్తూ, వాళ్లనే వ్యాఖ్యానం చెప్పమనండి. వాళ్ల మాట తడబడిన ప్రతిచోటా సమయం రాసుకోండి. 0:42 దగ్గర ముగ్గురు తడబడితే తప్పు 0:42 దగ్గర కాదు, సాధారణంగా దాని ముందు దృశ్యంలో ఉంటుంది. అక్కడ ఏదో ఒక మార్పు చూపకుండా దాటేసి ఉంటారు. ట్రేస్ పట్టిక తీసి ఆ వరుసను వీడియోతో పోల్చండి.

చూడడం కంటే అంచనా వేయడం, దానికంటే ఇన్‌పుట్ మార్చి చూడడం, దానికంటే సొంతంగా తయారుచేయడం లోతైన పని. కాబట్టి పాఠం అయ్యాక విద్యార్థుల చేతికి పది చిన్న కాగితాలిచ్చి, మీరు చూపించని ఒక కోడ్‌కు తామే ఫ్రేములు గీయమనండి. ఒక కాగితానికి ఒకే మార్పు ఉండాలి, ప్రతి కాగితం మూలన లైన్ నంబరు ఉండాలి. పూర్తయ్యాక కాగితాలు కలిపేసి పక్కవాళ్లకిచ్చి వరుసలో పేర్చమనండి. లైన్ నంబర్లను వేలితో మూసి బొమ్మలను బట్టే పేర్చగలిగితే గీసినవాళ్లకు ఆ కోడ్ నడక తెలిసినట్లే. రెండు కాగితాల మధ్య ఏది ముందో తేలకపోతే, ఆ రెండింటి మధ్య ఒక అడుగు గీయకుండా వదిలేశారేమో చూడమనండి.